ఒంటిచేతి కుర్చీ

అంతర్జాతీయ ఆసన వినిమయ మండలి ఆఫీసులో సూర్యకళ నిలబడటం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. కుర్చీలను దేశాలు దాటించడానికే పుట్టిన ఆఫీసది. గోడ మీద ఇంత పొడుగు అక్షరాలతో "ప్రపంచమంతా మన కుర్చీలో, మనమంతా ప్రపంచపు కుర్చీలో" అని రాసి ఉంటుంది. ఆ గోడకెదురుగా, సూపరింటెండెంట్ భూషణరావు బల్లకు నాలుగడుగుల దూరంలో, కిటికీ పక్క టైలు మీద ఆవిడ నిలబడేది. ఇన్నాళ్లలో ఒక్కరూ "కూర్చోమ్మా" అనలేదు. మర్యాద తెలియక కాదు. మండలి నిబంధనల పుస్తకంలో ప్రతి హోదాకూ ఒక ఆసనం రాసి ఉంది. పనిమీద వచ్చే ప్రజలకు మాత్రం ఏ ఆసనమూ రాయలేదు. రాయని ఆసనం మీద మనిషిని ఎలా కూర్చోబెడతారు, మీరే చెప్పండి.

ఈ మండలి ఎలా పుట్టిందంటే, ఒక పెద్దాయన పరిశ్రమల అధ్యయనానికని పదకొండు రోజులు బ్రెజిల్ వెళ్లాడు. మొదటి పది రోజులు ఏం అధ్యయనం చేశాడో ఫైల్లో లేదు. పదకొండో రోజు ఒక హోటల్ వసారాలో ఓ కుర్చీలో కూర్చున్నాడట, ఏళ్లుగా పీడిస్తున్న నడుం నొప్పి ఇట్టే పోయిందట. విమానం దిగీ దిగగానే ఉత్తర్వు వేయించాడు. బ్రెజిల్ కుర్చీలు, దీపాలు ఇక్కడికి రావాలి, మన కుర్చీలు అక్కడికి పోవాలి. విశాఖపట్నంలో ఆఫీసు వెలిసింది, ముప్పైమంది సిబ్బంది వచ్చారు, వాళ్లకు ఇనప కుర్చీలొచ్చాయి. రెండేళ్లలో ఆ ఇనప కుర్చీలు తప్ప మరే కుర్చీ ఆ గుమ్మం దాటలేదు, లోపలికీ బయటికీ కూడా.

సూర్యకళ అంతకు ముందు ఓడరేవు దగ్గర సరుకు రవాణా కంపెనీలో పదకొండేళ్లు పనిచేసింది. బ్రెజిల్ నుంచి వచ్చే కంటైనర్ల కాగితాలు చూడటం ఆవిడ పని. ఆ కాగితాల కోసం నేర్చుకున్న పోర్చుగీసు భాష, ఆ కాగితాల మధ్య దొరికిన ఓ కుర్చీ బొమ్మ, ఈ రెండూ కలిసి ఆవిడ కొంప ముంచాయి. ఆ కుర్చీ చేసింది దక్షిణ బ్రెజిల్లో ఓ చిన్న ఊళ్లో తెరెజా అనే డెబ్భై ఏళ్ల వడ్రంగి. సూర్యకళ ఉత్తరం రాసింది. ఆవిడ జవాబు రాసింది. రెండేళ్లు అలా రాసుకుని చివరికి ఒక మాట అనుకున్నారు. ఏడు కుర్చీలు, అయిదు దీపాలు తెరెజా పంపుతుంది. విశాఖలో ప్రదర్శన పెడితే తెలుగు దేశమంతటికీ ఏజెన్సీ సూర్యకళదే. కానీ ఆ సరుకు ప్రదర్శన కోసమని గడువు మీద దిగుతుంది కాబట్టి ముప్పయ్యో తారీఖు సాయంత్రం నాలుగింటిలోగా ప్రదర్శన తెరుచుకోకపోతే తిరిగి ఓడెక్కాలి. అప్పుడు ఏజెన్సీ వేరే ఊరివాళ్లది.

సూర్యకళ ఉద్యోగం మానేసింది. అంతవరకూ బాగానే ఉంది. సరిగ్గా అప్పుడే మండలి వాళ్లు హాలు ఉచితంగా ఇస్తామన్నారు. ఉచితం అన్న మాట వినగానే పరిగెత్తుకెళ్లి సంతకం పెట్టేసింది, అమాయకురాలు.

పెట్టెలు విప్పింది అటెండరు అప్పన్న. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. మండలిలో ప్రతి కుర్చీ వెనకా, ప్రతి బల్ల కిందా తెల్ల పెయింటుతో నంబరు వేసే పని అతనిదే. అతని చేతిలో కుంచె లేకుండా చూసినవాళ్లు తక్కువ. గోనె గుడ్డ తీయగానే నల్లటి కర్ర, తేనె రంగు తోలు, ఊయలలా వేలాడే కూర్చునే చోటు బయటపడ్డాయి. కుడివైపు నున్నగా చెక్కిన చెయ్యి ఉంది. ఎడమవైపు ఏమీ లేదు.

"ఒలమ్మ! ఇదేటమ్మా, సగం సేసి ఒగ్గేశారు?" అన్నాడు అప్పన్న.

"అలా ఉండేట్టే చేశారు బాబాయ్. దీని పేరు కొషీలు. వాళ్ల భాషలో కునుకు అని."

అప్పన్న ఆ తోలు మీద అరచేత్తో ఓసారి రాశాడు. "పేరు బాగుందమ్మా. పని కూడా అదే అయితే మరీ బాగుంటాది," అన్నాడు.

భూషణరావు రిజిస్టరు పట్టుకొచ్చాడు. ఆయన కళ్లజోడు పైనుంచి మనిషినీ, కిందనుంచి కాగితాన్నీ చూస్తాడు. కాగితం మీదే ఎక్కువ గౌరవం.

"ప్రయోజనం అనే గడిలో ఏం రాయమంటారమ్మా?"

"కునుకు తీయడానికండి."

కలం ఆగింది. "పనివేళల్లోనా?"

"ఎప్పుడైనా తీయొచ్చండి."

భూషణరావు కాసేపు ఆలోచించి "ఆత్మపరిశీలన" అని రాసుకున్నాడు. తర్వాత కుర్చీ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి ఎడమవైపు ఆగిపోయాడు.

"దీని తరగతి ఏమిటమ్మా? రెండు చేతులుంటే అధికారుల కుర్చీ. చేతులు లేకపోతే గుమాస్తాల కుర్చీ. వీపు కూడా లేకపోతే స్టూలు, అటెండరుది. ఇలా ఒక చెయ్యి ఉన్నదాంట్లో ఎవరు కూర్చోవాలి?"

"ఎవరైనా కూర్చోవచ్చండి."

"ఎవరైనా అనే హోదా లేదమ్మా," అన్నాడు ఆయన, జాలిగానే. "తరగతి తేలేదాకా ఈ ఆవరణలో దీని మీద ఎవరూ కూర్చోరాదు. ఎవరూ కూర్చోకూడని కుర్చీని ప్రదర్శనకు పెట్టరాదు."

మర్నాడే బ్రెజిల్‌కు మెమో వెళ్లింది. "విషయము: ఆసనము – ఎడమ చెయ్యి – కానరాకపోవుట – సంజాయిషీ కోరుట – గురించి." దారిలో చెయ్యి పోయిందేమోనని సూర్యకళను పోలీసు స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇచ్చి, ఆ నకలు జతపరచమన్నారు. స్టేషన్లో రైటరు అంతా విని, "ఎవరి చెయ్యమ్మా?" అన్నాడు. కుర్చీది అంది. ఆయన కలం మూతపెట్టి, కూర్చోండమ్మా, మజ్జిగ తాగుతారా అనడిగాడు. ఆ నెలలో ఆవిడను కూర్చోమన్న సర్కారు మనిషి ఆయనొక్కడే.

తెరెజా జవాబు వారానికి వచ్చింది. సూర్యకళ దాన్ని తెలుగు చేసి భూషణరావు ముందు నిలబడి చదివింది. "మా నాన్న కుర్చీకి రెండు చేతులుండేవి. పక్కన కూర్చుంటే మోచేతికి అడ్డొస్తోందని మా అమ్మ ఒక చెయ్యి రంపంతో కోసి పారేసింది. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకునేవాళ్లు. అందుకే నా కుర్చీకి ఒక వైపు ఎప్పుడూ ఖాళీ ఉంచుతాను." చదువుతుంటే సూర్యకళ గొంతు కాస్త బొంగురుపోయింది.

భూషణరావు గొంతుకేమీ కాలేదు. "అంటే చెయ్యి కోసినట్టు ఒప్పుకున్నారన్నమాట," అని రాసుకున్నాడు.

ఫైలు డైరెక్టర్ పరాంకుశం గారి దగ్గరికెళ్లింది. పరాంకుశం గారు భారీ మనిషి, మాట అంతకన్నా భారీ. ఆయన కుర్చీ వీపు మీద తెల్లటి టర్కీ తువ్వాలు ఎప్పుడూ ఉంటుంది. ఆయన సెలవు పెట్టినా తువ్వాలు డ్యూటీలోనే ఉంటుంది. సూర్యకళ గుమ్మంలో నిలబడి ఉండగా ఆయన ఫైలు మూసి, కళ్లు కూడా సగం మూసి సెలవిచ్చారు.

"చూడమ్మా, మన సంస్థ ఒక సమున్నత దార్శనికతతో ముందుకు సాగుతున్నది. ప్రపంచ విపణిలో ఆసన సంస్కృతిని సుస్థిరం చేయుటే మన లక్ష్యం. ఒక చెయ్యి లేనంత మాత్రాన మనం వెనకడుగు వేస్తామా? ప్రథమంగా నేనే ఆసీనుడనై దీనికి తరగతి ప్రసాదిస్తాను. లేని ఎడమ చెయ్యి స్థానంలో మన జాయింట్ డైరెక్టర్ ధర్మలింగం గారు తమ భుజాన్ని సమకూరుస్తారు."

పక్కనే ఉన్న ధర్మలింగం తన కుడిభుజాన్ని ఓసారి చూసుకుని, "తప్పకుండానండి," అన్నాడు.

సూర్యకళకు ప్రాణం లేచొచ్చింది. ముప్పయ్యో తారీఖు ఉదయం పదకొండింటికి ముహూర్తం. ముందు డైరెక్టర్ గారు కూర్చుంటారు, అంకితవాక్యం పలుకుతారు, లేచి రిబ్బను కత్తిరిస్తారు. అంతే, ప్రదర్శన తెరుచుకున్నట్టే. తెరెజాకు కబురు పెట్టింది. నేనే వస్తున్నానని ఆవిడ టిక్కెట్టు కొనుక్కుంది.

ఈలోగా భూషణరావుకు ఏడో నిబంధన గుర్తొచ్చింది. ఒకే ఆవరణలో కింది ఉద్యోగి ఆసనం పై అధికారి ఆసనం కన్నా ఎత్తుగా ఉండరాదు. టేపు పెట్టి కొలిచారు. కొషీలు ఎత్తు పద్నాలుగు అంగుళాలు. అప్పన్న స్టూలు పద్దెనిమిది.

నిబంధనను కాస్త పక్కనపెడితే పోయేదానికి, గ్యాస్ కట్టర్ తెప్పించారు. మూడు రోజులు ఆఫీసంతా నిప్పురవ్వలు. జాయింట్ డైరెక్టర్ కుర్చీ పదమూడు అంగుళాలకు దిగింది, సూపరింటెండెంటుది పదకొండుకు, గుమాస్తాలవి తొమ్మిదికి. అప్పన్న స్టూలు మూడు అంగుళాల పీట అయి కూర్చుంది. బల్లలకు ఎంత ఎత్తుండాలో నిబంధనల్లో లేదు కనుక వాటినెవరూ ముట్టుకోలేదు. గుమాస్తాల గడ్డాలు బల్ల అంచుకు ఆనాయి. కొందరైతే చేతులు పైకెత్తి తడుముకుంటూ సంతకాలు పెట్టారు. సూర్యకళ తన టైలు మీదనుంచి చూస్తే పాపిళ్లూ బట్టతలలూ తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇన్నాళ్లూ తల ఎత్తని మనుషులు ఇప్పుడామెతో మాట్లాడాలంటే మెడ విరుచుకుని పైకి చూడాల్సొచ్చింది.

అంతా కోయడం అయ్యాక అప్పన్న తోలు మీద అరచెయ్యి అదిమి చూశాడు.

"బాబూ, ఇది కూకుంటే దిగిపోద్ది. ఊయలనాగ."

భూషణరావు ముఖం పాలిపోయింది. ఎంత దిగుతుందో తెలియాలంటే ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. తరగతి తేలకుండా ఎవరూ కూర్చోరాదు. సాయంత్రం దాకా ఆలోచించి బియ్యం బస్తాలు తెప్పించాడు. డైరెక్టర్ గారి బరువు గోప్యమైన విషయం కనుక అందాజున పాతిక కిలోలవి నాలుగు పెట్టారు. కుర్చీ హాయిగా ఓ మూలుగు మూలిగి అయిదు అంగుళాల ఎత్తుకు దిగింది.

"మరి బస్తాలు కూర్చోవచ్చా అండి?" అంది సూర్యకళ.

"బియ్యానికి తరగతి లేదమ్మా. తరగతి లేనిదానికి నిబంధన వర్తించదు," అన్నాడు భూషణరావు. "మనిషి సంగతి వేరు."

అయిదు అంగుళాల కిందికి ఇంకేం కుర్చీలుంటాయి? ప్రారంభోత్సవానికి వచ్చేవారంతా నేల మీదే కూర్చోవాలనీ, డైరెక్టర్ గారు లేచేదాకా ఎవరూ లేవరాదనీ సర్క్యులర్ వెళ్లింది.

ముప్పయ్యో తారీఖు. వందమంది దాకా అధికారులు, వ్యాపారులు, ఆహ్వానితులు హాల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో కొషీలు, దాని వీపు మీద తెల్ల తువ్వాలు. పైన తెరెజా చేతులతో అల్లిన నార దీపం, పండిన మామిడిపండు రంగు వెలుగును సరిగ్గా కూర్చున్న మనిషి మీదే రాల్చేది. ఎడమ పక్క ధర్మలింగం భుజం సిద్ధంగా ఉంది. పరాంకుశం గారికి బంతిపూల దండ వేశారు. పదకొండూ ఇరవైకి ఆయన కుర్చీలోకి ఒదిగారు. కుడిచెయ్యి కర్ర మీద, ఎడమచెయ్యి ధర్మలింగం మీద వేశారు.

"ఈ కుర్చీని..." అన్నారు.

ఆగారు. ముఖంలో గీతలు ఒక్కొక్కటే వదులయ్యాయి. తెరెజా నలభై ఏళ్ల పనితనమంతా ఆ నడుం కింద చేరి తన పని తాను చేసుకుపోయింది. పరాంకుశం గారు నిద్రపోయారు.

ఒక నిమిషం గడిచింది. పావుగంట గడిచింది. డైరెక్టరును ఎవరు లేపవచ్చో నిబంధనల్లో లేదు. లేపాలంటే దగ్గరికెళ్లాలి, వెళ్లాలంటే లేవాలి, లేవకూడదు. వందమందీ తలలు దించుకుని కూర్చున్నారు. గురక పెట్టినా బాగుండేది. అదీ పెట్టలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు విజయవాడ నుంచి తనిఖీ అధికారి ఒకాయన ఆలస్యంగా వచ్చాడు. కళ్లు మూసుకున్న డైరెక్టరు, మెళ్లో దండ, పైన దీపం, వెనక తెల్లగుడ్డ, చుట్టూ నేల మీద జనం కనిపించారు. బూట్లు గుమ్మంలోనే విడిచి, చేతులు జోడించి, భూషణరావు పక్కన చతికిలబడ్డాడు.

"ఎప్పుడండీ?" అన్నాడు మెల్లగా.

"పదకొండూ ఇరవైకి."

"చివరగా ఏమైనా అన్నారా?"

"ఈ కుర్చీని, అన్నారండి. అంతే."

తనిఖీ అధికారి కళ్లు తుడుచుకుని ఫోన్లో ఎవరికో సందేశం పెట్టాడు. రెండున్నరకల్లా రెండు కార్పొరేషన్ల నుంచి పూల చక్రాలు వచ్చాయి. తెచ్చినవాళ్లు వాటిని పరాంకుశం గారి కాళ్ల దగ్గర ఆనించి, వాళ్లు కూడా కూర్చుండిపోయారు.

సూర్యకళ గోడ దగ్గర నుంచి గడియారం చూస్తోంది. మూడున్నర. బయట సరుకు వెనక్కి తీసుకుపోయే లారీ వచ్చి హారన్ కొట్టింది. పదకొండేళ్ల ఉద్యోగం, రెండేళ్ల ఉత్తరాలు, నాలుగు నెలల నిలుచోవడం అన్నీ పోతున్నాయి, ఎంతో హాయిగా నిద్రపోతున్న ఒక మనిషి వల్ల. ఆవిడకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ కోపంలోనే ఎవరో తన చీర కుచ్చెళ్లు లాగినట్టయి కిందికి చూసింది.

భూషణరావు. "అమ్మా! అందరూ కూర్చుంటే మీరు నిలబడ్డారేమిటి?"

అప్పుడు గమనించింది సూర్యకళ. పొద్దుటినుంచీ తాను నిలబడే ఉంది. అలవాటు కొద్దీ ఆవిడా కూర్చోలేదు, అలవాటు కొద్దీ ఎవరూ చూడలేదు.

"నాది ఏ తరగతండీ?" అంది.

భూషణరావు ఒళ్లో పుస్తకం తెరిచాడు. ఆ పేజీ, ఈ పేజీ తిప్పాడు. చివరికి అనుబంధాలు కూడా చూశాడు. "మీకు... తరగతి లేదమ్మా."

"తరగతి లేనిదానికి?"

ఆయన పుస్తకం మూశాడు. నిబంధన ముందు అబద్ధమాడే మనిషి కాదు. "వర్తించదు," అన్నాడు.

సూర్యకళ కదిలింది. కూర్చున్న వందమంది మధ్యనుంచి, మోకాళ్లు తప్పించుకుంటూ, ఆ హాల్లో నిలువుకాళ్ల మీదున్న ఏకైక మనిషిగా నడిచింది. ఇత్తడి పళ్లెంలోంచి కత్తెర తీసింది. మూడూ యాభై రెండుకు రిబ్బను కత్తిరించి, "ప్రదర్శన తెరుచుకుంది. వచ్చి చూడండి," అంది. ఎవరూ రాలేదు, వాళ్లు లేవకూడదుగా. కానీ గుమ్మం దగ్గర ఒక్కరు చప్పట్లు కొట్టారు.

తెరెజా. పొట్టి మనిషి, నెరిసిన జడ, చేతిలో ఇంకా విమానం చీటీ కట్టిన సంచి. ఎప్పుడొచ్చిందో, అంతా చూసింది. ఆవిడ తన కుర్చీలో నిద్రపోతున్న మనిషిని, అతని వీపు వెనక పరిచిన మెత్తటి తువ్వాలును, చెయ్యి లేని వైపు భుజం అందించిన స్నేహితుణ్ణి, కాళ్ల దగ్గరి పూలను, నిద్ర చెడకుండా ఊపిరి బిగపట్టిన వందమందినీ చూసి సూర్యకళ భుజం మీద తల ఆనించి ఏడ్చింది.

"ఎన్ని దేశాల్లో పెట్టానో ఈ కుర్చీని," అంది పోర్చుగీసులో. "ఫోటో తీస్తారు, తట్టి చూస్తారు, పోతారు. ఒక మనిషి కునుకును ఇంత గౌరవించిన జనాన్ని నేనెక్కడా చూడలేదు. ఈ నేల నీదే, ఏజెన్సీ నీదే."

అసలు సంగతి చెబుదామా అని సూర్యకళ ఒక్క క్షణం అనుకుంది. ఆ క్షణం ఎలాగో గడిపేసింది. లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

నాలుగూ పదికి పరాంకుశం గారు కళ్లు తెరిచి, "...ప్రపంచానికి అంకితం చేస్తున్నాను," అన్నారు. వందమంది ఒక్కసారిగా లేచారు, తిమ్మిర్లెక్కిన కాళ్లతో సగంమంది అక్కడికక్కడే కూలబడ్డారు. తనిఖీ అధికారి మాత్రం కేక పెట్టి బూట్లు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాడు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. కొషీలు డైరెక్టర్ స్థాయి, ఆపై వారికే అని తరగతి తేల్చారు. దాంతో ఊళ్లో ఉన్న ప్రతి డైరెక్టరూ అది లేకపోతే పరువు తక్కువ అనుకున్నాడు, సూర్యకళకు ఆర్డర్లు కట్టలు కట్టలుగా వచ్చాయి. తెరెజా పోతూ పోతూ ఆఫీసులో కాళ్లు కోసిన ఇనప కుర్చీలు చూసి, ఇంత ధైర్యమైన రూపకల్పన ఎవరిదని అడిగి, ఇరవై పట్టుకుపోయింది. అవి అక్కడ "ఏడో నిబంధన" అనే పేరుతో ప్రదర్శనలో ఉన్నాయట, కింద భూషణరావు పేరుతో.

డాబా గార్డెన్స్ సందులో సూర్యకళ చిన్న షాపు తెరిచింది. గుమ్మం పక్కనే ఒక కొషీలు వేసింది, వచ్చినవాళ్లు ముందు కూర్చోవడానికి. ఓ ఆదివారం అప్పన్న వచ్చాడు.

"కూర్చో బాబాయ్."

"నాకెందుకమ్మా, పెద్దోల్ల కుర్సీ."

"ఇక్కడ తరగతులు లేవు. కూర్చో."

అప్పన్న కాసేపు అటూ ఇటూ చూసి, ఒదిగి కూర్చున్నాడు. తోలు అతన్ని లోపలికి తీసుకుంది. "ఒలమ్మ," అని కాళ్లు చాపుకున్నాడు.

"ఆఫీసులో ఏంటి విశేషాలు?" అంది సూర్యకళ.

"నువ్వు సేసినదానికి పెద్ద మీటింగెట్టారమ్మా. తరగతి లేకపోబట్టే గదా అలా అయింది, ఇక మీదట పబ్లిక్కి కూడా తరగతుండాల అన్నారు. ఉత్తరువొచ్చింది. నిలువు తరగతి." అప్పన్న కళ్లు మూతలు పడుతున్నాయి. "ఎవులొచ్చినా ఒక్క సోటే నిలబడాల. నన్ను పెయింటు తెమ్మన్నారు. పాదాలు గీసి నంబరెయ్యమన్నారు. ఎక్కడెయ్యాలి బాబూ అనడిగితే, సూపరింటెండెంటు బాబు కిటికీ పక్క టైలు సూపించాడు."

సూర్యకళ అతని మొహం మీద ఎండ పడకుండా తలుపు ఓరగా వేసింది.

"నాకు గియ్యడానికేటీ లేదమ్మా," అన్నాడు అప్పన్న, నిద్రలోకి జారుతూ. "ఆ టైలు మీద అరిగిపోయిన రెండు పాదాలు ముందే ఉన్నాయి. నీయే. సుట్టూ తెల్లగీత లాగి, నంబరేసొచ్చాను."